కోళ్ల తెగుళ్లకు ఆకుమందు - ఎంతవరకు నమ్మవచ్చు?



కొక్కెర తెగులు వచ్చినప్పుడు నేలవేము కషాయం పోస్తే కోళ్లు బతుకుతాయని కొందరంటారు. పసుపు, వెల్లుల్లి నూరి దాణాలో కలిపితే టీకా అక్కరలేదని మరికొందరంటారు. ఇంకొందరు రంగు కాగితం అంటించిన సీసా చూపించి, "ఇది పూర్తిగా మూలికలతో చేసినది, వైరస్‌ను చంపుతుంది" అని అమ్ముతారు. ఇందులో నిజమెంత, నమ్మకమెంత, వ్యాపారమెంత అన్నది ఈ పూట విచారిద్దాం. మీరు విని, మీ ఊళ్లో పది మందికి చెప్పండి.

ముందు హైదరాబాదు పడమటి దిక్కు చూడండి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఒకప్పుడు రాళ్లగుట్టలు, చెలకలు, చిన్న ఊళ్లు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత అక్కడ హైటెక్ సిటీ వెలసింది, దాని చుట్టూ అద్దాల మేడలు లేచాయి. అక్కడ పనిచేసే వేలాదిమందికి ఆదివారం వచ్చిందంటే నాటుకోడి కావాలి. ఆ కోరికను చూసి శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల, షాద్‌నగర్ వైపు రైతులు నాటుకోళ్ల పెంపకం పెంచారు. కంప్యూటర్ ఉద్యోగం చేస్తూనే అరెకరం కొని షెడ్డు వేసినవారూ వున్నారు. వీరిలో చాలామందికి ఒక అభిప్రాయం వుంది: "నాటుకోడి అంటే సహజంగా పెరగాలి, టీకాలు, మందులు వుండరాదు, ఆకుపసరే చాలు" అని. కొనేవారు కూడా అదే అడుగుతారు.

ఆలోచన మంచిదే. కాని రెండు వందల కోళ్లున్న షెడ్డులో కొక్కెర తెగులు జొరబడితే, టీకా వేయని మందలో వారం పది రోజుల్లో చేతివేళ్ల మీద లెక్కపెట్టే కోళ్లే మిగలవచ్చు. పెరట్లో పదిహేను కోళ్లు పెంచి, గుడ్లమ్మి పిల్లల బడి ఖర్చులు గడుపుకొనే ఇల్లాలికి ఆ దెబ్బ ఇంకా గట్టిది. కాబట్టి ఇది ఇష్టాయిష్టాల మాట కాదు, బతుకుతెరువు మాట.

అసలు ఈ తెగులేమిటో తెలుసుకుందాం. మనం కొక్కెర తెగులు అనేదానికి శాస్త్రంలో రాణిఖేత్ వ్యాధి అని పేరు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణం దగ్గర, అదే కాలంలో జావా ద్వీపంలోనూ ఇది కనబడింది. 1927లో మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు. అందుకే ఇతర దేశాల్లో న్యూకాసిల్ వ్యాధి అనీ, మన దగ్గర రాణిఖేత్ అనీ పేరు నిలిచింది. తెగులు సోకిన కోడి మెడ ముడుచుకొని కునుకుతుంది. నోరు తెరిచి రొప్పుతుంది. పచ్చగా పారుకుంటుంది. కొన్ని రోజులు గడిచి బతికివున్నవాటికి మెడ మెలిక తిరుగుతుంది, రెక్క జారుతుంది, కాలు పడిపోతుంది. గుడ్లు పెట్టే కోడి గుడ్లు మానుతుంది, లేదా తోలుగుడ్లు పెడుతుంది.

దీనికి కారణం వైరస్. ఇక్కడ ఒక భేదం బాగా గుర్తుంచుకోవాలి. బాక్టీరియా అనే సూక్ష్మజీవి తనంత తాను బతుకుతుంది, తనంత తాను పెరుగుతుంది. దాన్ని చంపే మందులు వున్నాయి. వైరస్ అట్లా కాదు. అది కోడి శరీరంలోని జీవకణంలోకి దూరి, ఆ కణం చేతనే తనవంటి వేల వైరస్‌లను తయారుచేయించుకుంటుంది. ఇంటివాడి పొయ్యి మీదనే తన వంట వండించుకొనే దొంగ అన్నమాట. దొంగను కొట్టబోతే ఇంటివాడికే దెబ్బ తగులుతుంది. అందువల్లనే వైరస్ తెగుళ్లకు మందులు తక్కువ. రాణిఖేత్‌కైతే ఇప్పటికీ నయంచేసే మందు లేదు. యాంటీబయాటిక్ బిళ్లలు కలిపి పోసినా ఈ వైరస్‌కు ఏమీ కాదు.

మరి ఆకుల సంగతి? ఆకుల్లో శక్తి లేదని ఎవరూ అనరు. మొక్క పరుగెత్తి పారిపోలేదు. పురుగు వచ్చినా, బూజు వచ్చినా, వైరస్ వచ్చినా నిలబడిన చోటనే ఎదుర్కోవాలి. అందుకోసం మొక్క తన శరీరంలో రకరకాల చేదులు, వగరులు, ఘాటులు తయారుచేసుకుంటుంది. నేలవేములో ఆండ్రోగ్రాఫోలైడ్ అనే చేదు పదార్థం వుంది. పసుపుకు ఆ రంగునిచ్చేది కర్‌క్యుమిన్. వెల్లుల్లిని దంచితే పుట్టే ఘాటు అల్లిసిన్. వేపలోను, తులసిలోను, నేల ఉసిరిలోను ఇటువంటివి ఎన్నో వున్నాయి. వీటిమీద మన దేశంలోను, ఇతర దేశాల్లోను శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు, చేస్తున్నారు.

ఈ పదార్థాలు వైరస్‌ను అడ్డగించే తీరు ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది, వైరస్ కణం వెలుపల వుండగానే దాని పైపొరను చెడగొట్టడం. రాణిఖేత్ వైరస్‌కు, బర్డ్ ఫ్లూ వైరస్‌కు కొవ్వుతో చేసిన పైపొర వుంటుంది. అది చెదిరితే వైరస్ పనికిరాదు. రెండవది, వైరస్ కణానికి అంటుకొనే ముళ్లను కప్పివేయడం. వగరు పదార్థాలు ఈ పని చేయగలవు. ముళ్లు మూసుకుపోతే తాళంచెవి తాళంలో దూరనట్టే. మూడవది, వైరస్‌తో నేరుగా పోరాడకుండా కోడి శరీరంలోని రక్షణశక్తిని కొంత మార్చడం.

పరిశోధనాలయంలో దీన్ని ఇట్లా పరీక్షిస్తారు. గాజుపాత్రలో జీవకణాలను పెంచి, లేదా పిండం పెరుగుతున్న కోడిగుడ్డులో, వైరస్‌ను పెడతారు. ఒక జట్టుకు ఆకుసారం చేరుస్తారు, ఇంకో జట్టుకు చేర్చరు. రెంటిలోను వైరస్ ఎంత పెరిగిందో కొలుస్తారు. చాలా ఆకుసారాలు ఈ పరీక్షలో నెగ్గాయి. "వైరస్‌ను అడ్డుకుంది" అని మీరు పత్రికలో చదివితే, చాలాసార్లు అది ఈ గాజుపాత్ర మాటే. అబద్ధం కాదు. కాని గాజుపాత్ర వేరు, కోడి వేరు.

ఎందుకు వేరో చిన్న ఉదాహరణతో చెబుతాను. సబ్బు నీళ్లు రాణిఖేత్ వైరస్‌ను చంపుతాయి. సున్నం, బ్లీచింగ్ పొడి కూడా చంపుతాయి. ఎండ కూడా దాన్ని బలహీనపరుస్తుంది. అట్లని జబ్బు కోడికి సబ్బు నీళ్లు తాగిస్తామా? వెలుపల వైరస్‌ను చంపే వస్తువు లోపల మందు కావాలంటే మూడు పరీక్షలు దాటాలి: కోడికి హాని చేయకూడదు, కడుపులో నుంచి రక్తంలోకి చేరాలి, వైరస్ వున్న చోటికి చాలినంత మోతాదులో పోవాలి. ఆకుపసరులు చాలావరకు ఆగిపోయేది ఈ రెండవ, మూడవ మెట్ల దగ్గరే.

లెక్క వేసి చూద్దాం. పావుకిలో పచ్చి ఆకు తెచ్చి, రెండు లీటర్ల నీళ్లలో మరిగించి, లీటరు మిగిల్చి, 100 కోళ్లకు పోశారనుకోండి. ఒక్కొక్క కోడికి 10 మిల్లీలీటర్లు. అంటే రెండున్నర గ్రాముల ఆకు సారం. పచ్చి ఆకులో చాలా భాగం నీరే. మిగిలిన ఎండు భాగంలో అసలు పదార్థం నూటికి కొద్ది పాళ్లే. అందులోనూ నేలవేము చేదు, పసుపులోని కర్‌క్యుమిన్ నీళ్లలో సరిగా కరగవు. కరిగినంత మేరకైనా పేగుల నుంచి రక్తంలోకి పోయేది స్వల్పం. చివరకు కోడి ఊపిరితిత్తులకు, మెదడుకు చేరేది ఎంత? గాజుపాత్రలో పోసిన మోతాదుకు దరిదాపుల్లో వుంటుందని చెప్పలేం.

ఇంకో చిక్కు వుంది. మీరంతా కళ్లారా చూసేదే అది. జబ్బుపడిన కోడి మేత ముట్టదు, నీళ్లు సరిగా తాగదు. తొట్టిలో పోసిన కషాయం తాగేది ఇంకా ఆరోగ్యంగా వున్న కోడి. మందు అవసరమున్న కోడికి మందు అందదు. దానికి తోడు, చేదు కలిపిన నీళ్లను కోళ్లు తక్కువ తాగవచ్చు. మే నెల ఎండల్లో అట్లా జరిగితే తెగులుకంటే ముందు దాహమే వాటిని దెబ్బ తీస్తుంది.

మూడవ చిక్కు, ఆకు ఎప్పుడూ ఒక్క తీరున వుండదు. వానాకాలపు ఆకు వేరు, వేసవి ఆకు వేరు. లేత ఆకు వేరు, ముదురు ఆకు వేరు. నల్లరేగడిలో పెరిగిన మొక్క, చెలకలో పెరిగిన మొక్క ఒకటి కావు. ఒకరింట్లో గుప్పెడు, ఇంకొకరింట్లో దోసెడు. మోతాదు తెలియని మందును మందు అనలేం.

అయితే మొక్కలోంచి వైరస్ మందు ఎప్పుడూ రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. ఆ కథ మన హైదరాబాదుకూ సంబంధించినదే. బిర్యానీలో వేసే అనాసపువ్వు మీరందరూ ఎరుగుదురు. నక్షత్రంలా ఎనిమిది రెక్కలుంటాయి. అది చైనాలోను, వియత్నాంలోను పండుతుంది. అందులో షికిమిక్ ఆమ్లం అనే పదార్థం వుంది. మనుషులకు వచ్చే ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ అనే మందును, టామిఫ్లూ అన్నా అదే, ఈ షికిమిక్ ఆమ్లంతో మొదలుపెట్టి తయారుచేశారు. 2005లో బర్డ్ ఫ్లూ భయం ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఈ మందుకు ఒక్కసారిగా గిరాకీ పెరిగి, అనాసపువ్వు కొరత ఏర్పడింది. ఆ సంవత్సరం డిసెంబరులో హైదరాబాదుకు చెందిన హెటెరో కంపెనీకి ఈ మందు తయారుచేసే అనుమతిని స్విట్జర్లండుకు చెందిన రోష్ కంపెనీ ఇచ్చింది.

ఈ కథలో నేర్చుకోవలసినది ఏమంటే, అనాసపువ్వు తిన్నవాడికి ఫ్లూ నయం కాదు. షికిమిక్ ఆమ్లం తనంత తాను వైరస్‌ను ఆపదు. దానిని రసాయనశాలలో మెట్టు మెట్టుగా మార్చి, పూర్తిగా వేరొక పదార్థం చేసిన తరువాతే అది మందు అయింది. కొత్తగా పుట్టిన ఫ్లూ వైరస్ కణం నుంచి తెంచుకొని బయటపడడానికి ఒక కత్తెర వంటి పదార్థాన్ని వాడుతుంది. ఈ మందు ఆ కత్తెరను మొండి చేస్తుంది. అంత నిర్దిష్టమైన పని పువ్వు చేయలేదు. ఆ తరువాత షికిమిక్ ఆమ్లాన్ని పువ్వుతో పనిలేకుండా సూక్ష్మజీవుల చేత పులియబెట్టి తీయడం కూడా నేర్చుకున్నారు. మొక్క దారి చూపింది. మందు చేసింది మాత్రం ఏళ్లతరబడి సాగిన పరిశోధన, కొలత, పరీక్ష.

"అయితే ఆ బిళ్లలే కోళ్లకు వేద్దాం" అని ఎవరికైనా తోచవచ్చు. అది మరీ ప్రమాదం. చైనాలో కొందరు పెంపకందారులు అమాంటడిన్ అనే మనుషుల ఫ్లూ మందును కోళ్ల నీళ్లలో కలిపారని 2005లో బయటపడింది. అట్లా అరకొర మోతాదులో విచ్చలవిడిగా వాడితే మందుకు లొంగని వైరస్‌లే మిగిలి పెరుగుతాయి. చివరకు ఆ మందు మనిషికి కూడా పనికిరాకుండా పోతుంది. మన బిడ్డ కోసం దాచిన మందును కోడిమీద పాడుచేసుకున్నట్టు అవుతుంది. కనుక మనుషుల వైరస్ మందులు కోళ్లకు ఎంతమాత్రం వాడరాదు.

ఇక మీరు వేసే గట్టి ప్రశ్న ఒకటి మిగిలింది. "మా ఊళ్లో ఫలానావారు కషాయం పోశారు, కోళ్లు నిలబడ్డాయి. కళ్లతో చూశాం గదా?" చూసింది నిజమే. కాని ఎప్పుడు పోశారో ఆలోచించండి. తెగులు వచ్చిన మొదటి రోజున ఎవరూ పోయరు. సగం కోళ్లు పోయిన తరువాత, అయిదో రోజో ఆరో రోజో పోస్తారు. చావవలసినవి అప్పటికే చచ్చాయి. మిగిలినవి పూర్వం ఎప్పుడో టీకా పడ్డవి కావచ్చు, లేదా వాటికే పుట్టుకతో కొంత తట్టుకొనే శక్తి వుండవచ్చు. అవి కషాయం పోసినా బతికేవే, పోయకున్నా బతికేవే. వాన వెలిసే వేళకు గొడుగు విప్పి, గొడుగు విప్పినందుకే వాన ఆగిందన్నట్టు వుంటుంది ఇది.

నిజం తేలాలంటే పోల్చి చూడాలి. ఒకే వయసు, ఒకే జాతి కోళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇచ్చి, రెండవ జట్టుకు ఇవ్వకుండా లెక్క రాసుకోవాలి. విస్తరణ కార్యకర్తలు ఈ సంగతి ప్రత్యేకంగా మనసులో వుంచుకోవాలి. ఎవరైనా మూలికల సీసా తెచ్చి గొప్పగా చెబితే అయిదు ప్రశ్నలు అడగండి: ఇందులో ఏ మొక్క, ఏ పదార్థం, ఎంత మోతాదులో వుంది? పరీక్ష గాజుపాత్రలో చేశారా, బతికివున్న కోళ్లలో చేశారా? మందు ఇవ్వని జట్టుతో పోల్చారా? ఎన్ని కోళ్లమీద, ఎక్కడ చేశారు? టీకాకు బదులు వాడమంటున్నారా, టీకాతో పాటు వాడమంటున్నారా? చివరి ప్రశ్నకు "టీకాకు బదులు" అని జవాబు వస్తే ఆ సీసాకు దండం పెట్టి పంపించండి.

మరి కొక్కెర తెగులును నిజంగా ఆపేది ఏది? టీకా. గచ్చిబౌలిలో, ఆ కంప్యూటర్ మేడల నడుమనే, పశువుల టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వుంది. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి దానిని 1982లో నెలకొల్పింది. గాలికుంటు టీకా వేయించుకొనే పాడిరైతుకు టీకా విలువ చెప్పనక్కరలేదు. పశువుకు గాలికుంటు టీకా యెట్లాగో కోడికి రాణిఖేత్ టీకా అట్లాగే. రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ వంటి జాతులను తయారుచేసి ఇచ్చింది. ఆ కోళ్లు నాటుకోళ్లలాగే తిరిగి మేస్తాయి, గట్టివి. అయినా వాటికి కూడా రాణిఖేత్ టీకా తప్పదు. నాటుకోడికి అసలు తెగులే రాదన్న మాట పొరపాటు.

టీకా క్రమం ఇది. పిల్ల పుట్టిన 5 నుంచి 7 రోజుల లోపల ఎఫ్ రకం గాని, లాసోటా రకం గాని టీకాను కంట్లో లేదా ముక్కులో ఒక్క చుక్క వేయాలి. 4 వారాల వయసులో లాసోటా మళ్లీ ఇవ్వాలి. 8 వారాల వయసులో ఆర్2బి అనే గట్టి టీకాను అర మిల్లీలీటరు రెక్క దగ్గర చర్మం కింద వేయించవలెను. ఈ ఆర్2బి రాణిఖేత్ వున్న ఆ కుమావూ కొండల్లోనే, ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో 1940ల కాలంలో రూపొందినది. దీన్ని 6 వారాలలోపు పిల్లలకు వేయరాదు, అది వాటికి బరువవుతుంది. ఆర్2బి వేసే వారం ముందు నులిపురుగుల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది. ఆ తరువాత పెంపకం కోళ్లకు ఆరునెలలకోసారి పశువైద్యుని సలహామీద మళ్లీ ఇప్పించండి.

టీకా కూడా ప్రాణమున్న వస్తువే. బలహీనపరచిన బతికున్న వైరస్ అది. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో వుంచకపోతే చచ్చిపోతుంది. చచ్చిన టీకా వేసి "టీకా పనిచేయలేదు" అంటే లాభం లేదు. పశువుల ఆస్పత్రి నుంచి తెచ్చేటప్పుడు ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో తీసుకురావాలి. కలిపిన టీకాను గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి. నీళ్లలో ఇచ్చేటట్టయితే క్లోరిన్ కలవని బావి నీళ్లు వాడి, లీటరుకు సుమారు రెండున్నర గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలపండి. అంతకుముందు ఒకటి రెండు గంటలు నీళ్లు పెట్టకుండా వుంటే కోళ్లన్నీ దాహంతో ఒకేసారి తాగుతాయి.

ఇక్కడ ఆకుమందు వాడేవారు తప్పక గమనించవలసిన సంగతి వుంది. టీకా ఇచ్చే నీళ్లలో కషాయం కలపరాదు. ఆ రోజు పసుపు నీళ్లు, వేప నీళ్లు కూడా పోయరాదు. కారణం మీకే తడుతుంది: మీ కషాయానికి వైరస్‌ను చెరిచే శక్తి నిజంగా వుంటే, అది మొదట చెరిచేది టీకాలోని వైరస్‌నే. శక్తి లేకపోతే పోసినందువల్ల ఫలమే లేదు. ఏ విధంగా చూసినా ఆ రోజు వద్దు.

పదిహేను కోళ్లున్న ఇంటికి ఒక ఇబ్బంది వుంది. టీకా సీసా వంద డోసులకు పైగా వుంటుంది, విప్పితే మిగిలింది వృథా. దీనికి మార్గం కూడి చేసుకోవడమే. వాడలోని పది ఇళ్లవారు కలిసి ఒక ఉదయం నిర్ణయించుకోండి. తెల్లవారుజామున గంప ఎత్తకముందే, కోళ్లు చెదరకముందే, ఇంటింటికి తిరిగి వేయించుకోండి. ఒక్క ఇల్లు మానినా ఆ ఇంటి కోడి మిగతా ఇళ్లకు ముప్పు. స్వయం సహాయక సంఘాల మహిళలు ఈ పనికి ముందుకు వస్తే ఊరి కోళ్లన్నీ ఒక్క పూటలో గట్టెక్కుతాయి.

అయితే ఆకులను పూర్తిగా వదిలెయ్యాలా? అక్కరలేదు. వాటి చోటు వాటికి వుంది. పసుపు, వెల్లుల్లి దాణాలో కొద్దిగా కలిపిన కొన్ని పరీక్షల్లో కోళ్లు మేత బాగా తిని, టీకా వల్ల వచ్చే రక్షణ కొంత మెరుగైంది. కొన్ని పరీక్షల్లో తేడా ఏమీ కనబడలేదు. కాబట్టి టీకా వేసిన మందకు, రోగం లేని రోజుల్లో, తక్కువ మోతాదులో వాడుకుంటే వాడుకోండి. చిన్న గాయానికి పసుపు రాయండి. ఇది మంచి తిండి, పొడి నేల, గాలి ఆడే షెడ్డు వంటి సహాయం. సహాయం చేసేదాన్ని సేనాపతి అనుకోవద్దు.

ఇక బర్డ్ ఫ్లూ మాట. ఇది కొక్కెర తెగులుకంటె భయంకరమైనది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో మొదటిసారి బయటపడింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు అంచునే, రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ మండలం తొర్రూరులో వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చి వేలాది కోళ్లను తినేసింది. ఇది మనిషికి కూడా సోకుతుంది. 2025లో ఆంధ్ర ప్రాంతంలో ఒక పసిబిడ్డ ఈ వైరస్ సోకి మరణించింది.

కోడి తల, తమ్మెలు నల్లబడి వాచినా, కాళ్లమీద ఎర్రని మచ్చలు వచ్చినా, ఉన్నట్టుండి గుట్టలుగా కోళ్లు చచ్చినా కషాయం కాచుకుంటూ కూర్చోవద్దు. మీరు కషాయం పోస్తూ గడిపే రెండు రోజుల్లో వైరస్ పక్క షెడ్డుకు, పక్క ఊరికి పోతుంది. వెంటనే పశువైద్యాధికారికి చెప్పండి. 1962 నంబరుకు ఫోను చేసినా పలుకుతారు. చూసి వైద్యులకు కొక్కెర తెగులో, బర్డ్ ఫ్లూయో పోల్చడం కష్టం. నమూనాలు భోపాల్‌లోని ప్రయోగశాలలో పరీక్షిస్తేగాని తేలదు. తేలిన తరువాత ప్రభుత్వం చుట్టుపక్కల కోళ్లను తీసివేస్తుంది, వాటికి నష్టపరిహారం ఇస్తుంది. చెప్పకుండా దాచితే తెగులు ఊరంతా పాకుతుంది, చచ్చిన కోడికి పరిహారమూ రాదు.

చచ్చిన కోడిని చెరువులో గాని, రోడ్డు పక్కన గాని పారవేయరాదు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కొని తీసి, లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. తరువాత సబ్బుతో చేతులు కడగాలి. పిల్లలను దగ్గరికి రానివ్వరాదు. ఇంకో మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. మందలో చావు మొదలయింది, మిగిలిన కోళ్లను తక్కువ ధరకైనా పట్నం పంపేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. కొండాపూర్ అంగడిలో ఆ కోడిని కొనేది కూడా మనవంటి తల్లే, పిల్లలకు వండిపెట్టేందుకే. ఆ కోళ్లతో పాటు తెగులు కూడా బండెక్కుతుంది, దారి పొడుగునా దిగుతుంది. అట్లా ఎన్నడూ చేయరాదు. ఏ కాలంలోనైనా కోడిమాంసం, గుడ్లు బాగా ఉడికించి తింటే ఈ వైరస్ బతకదు.

మొత్తం మీద చెప్పేదేమంటే, మొక్కల్లో వైరస్‌ను అడ్డగించే పదార్థాలున్నాయి, అవి రేపు మందులు కావచ్చు, పరిశోధన జరుగుతున్నది, జరగాలి. ఆ మందులు వచ్చి, బతికివున్న కోళ్లలో నెగ్గి, పశువైద్యుడు చేతికిచ్చిన నాడు సంతోషంగా వాడుకుందాం. ఈ రోజుకు మన కోడికి రక్ష టీకా చుక్క, శుభ్రమైన షెడ్డు, ఆలస్యం చేయని కబురు.

ఈ వారంలో ఒక్క పని చేయండి. మీ పిల్లకోళ్ల వయసు లెక్కపెట్టండి. 5 రోజులా, 4 వారాలా, 8 వారాలా చూసుకొని, పక్కింటి వారితో మాట్లాడి, పశువుల ఆస్పత్రికి వెళ్లి టీకా రోజు ఖాయం చేసుకోండి. పెరట్లో నేలవేము మొక్క వుంటే వుండనివ్వండి. టీకా తేదీ మాత్రం గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.